చేతులు లెక్కపెట్టాక మిగిలిన ప్రశ్న

పేరు రాయవద్దని కోరుతూ ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం పంపారు. సారాంశం ఇది.

ఆమె మొదటిసారి స్థానిక కౌన్సిల్‌కు ఎన్నికయ్యారు. సభలో మొత్తం ఇరవై ఒక్క మంది. అందులో పద్నాలుగు మంది ఆమె వర్గమే. ఆ వర్గానికి పెద్దదిక్కు ఆమె మేనమామ. చిన్నతనంలోనే తండ్రి పోతే చదివించింది ఆయన, ఎన్నికల్లో నిలబెట్టిందీ ఆయనే. పోయిన నెల సభ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. చెత్త యార్డును ఇప్పుడున్న చోటి నుంచి తీసి, చివరన ఉన్న ఒక కాలనీ పక్కకు మార్చాలన్నది అందులో మొదటి పేరా. ఆ కాలనీలో నలభై కుటుంబాలుంటాయి. అందరూ ఆరేడేళ్ల కింద పనుల కోసం వచ్చి అద్దెకు ఉంటున్నవాళ్లే. ఇకమీదట కౌన్సిల్ బహిరంగ సమావేశాల్లో మాట్లాడే హక్కు, రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు పదేళ్లకు పైగా నివాసం ఉంటున్నవాళ్లకే ఉంటుందన్నది రెండో పేరా. దీనివల్ల గొడవలు తగ్గి పనులు త్వరగా అవుతాయని కారణం చెప్పారు.

ఆ రోజు చేతులెత్తి ఓటు వేశారు. ఈ సోదరి కూడా చెయ్యెత్తారు. లెక్కపెట్టడం పూర్తయ్యాక చూస్తే, వెనక గోడ దగ్గర ఒక పెద్దావిడ మాట్లాడడానికి చెయ్యి సగం ఎత్తి నిలబడి ఉంది. "ఓటింగ్ అయిపోయిందమ్మా" అన్నారెవరో. ఆవిడ వెంటనే చెయ్యి దించలేదట. కాసేపు అలాగే ఉండి, కింద పెట్టిన సంచి తీసుకుని వెళ్లిపోయిందట. ఆ చెయ్యి నా కళ్లముందు నుంచి పోవడం లేదు అని రాశారు.

తీర్మానాన్ని ఖరారు చేసే సమావేశానికి ఇంకా పన్నెండు రోజులుంది. మేనమామతో అంటే, "పద్నాలుగు మంది ఒక మాట మీదుంటే అదే ప్రజాస్వామ్యం. మళ్లీ నీకు విడిగా ఒక అభిప్రాయం దేనికి?" అన్నారు. భర్తేమో "నిన్ను గెలిపించింది ఆ కాలనీవాళ్లు కాదు కదా" అన్నారు. ఈమెకు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. "మెజారిటీ మాట వినడం తప్పా? వినకపోతే నన్ను గెలిపించినవాళ్లకు ద్రోహం చేసినట్టా?" అని అడిగారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు ఆ చెయ్యి సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కింద మా ఆఫీసు ఉద్యోగుల సొసైటీ సమావేశంలో, అత్యవసర అప్పుల నిధి నుంచి కాంట్రాక్టు పనివాళ్లను తీసేయాలని తీర్మానం పెట్టారు. నేను ముందు ఎడమకు చూశాను, తర్వాత కుడికి చూశాను, ఆపైన చెయ్యెత్తాను. అప్పుడు ఆ గదిలో కాంట్రాక్టు మనిషి ఒక్కడు కూడా లేడు. అందరూ ఎత్తారు కదా అని నాకు నేను చెప్పుకుంటూ చాలాకాలం గడిపాను. ఆ నిర్ణయాన్ని వెనక్కి తిప్పడానికి మాకు రెండేళ్లు పట్టింది, ఆలోగా ఒకతను పిల్ల ఆపరేషన్‌కు బయట వడ్డీకి తెచ్చుకున్నాడు. కాబట్టి మీరెందుకు చెయ్యెత్తారని నేను అడగను. మీకింకా పన్నెండు రోజులుంది. నాకు అప్పుడు ఒక్కరోజు కూడా లేదు.

మీ మావయ్య మాటను కొట్టిపారేయకండి. అందులో నిజం ఉంది. పదిమంది కలిసి ఉన్నచోట అభిప్రాయాలు కలవవు, అయినా నిర్ణయం తీసుకోక తప్పదు. అప్పుడు అందరి ఓటుకూ ఒకే విలువ ఇచ్చి, ఎక్కువమంది ఎటుంటే అటు వెళ్లడం కంటే న్యాయమైన పద్ధతి దొరకడం కష్టం. అందరూ ఒప్పుకుంటేనే అంటే ఏమవుతుందో పోలండ్ చూపించింది. అక్కడి పార్లమెంటులో ఏ ఒక్క సభ్యుడైనా లేచి నేను ఒప్పుకోను అంటే చాలు, సమావేశం రద్దయ్యేది, అంతవరకు చేసిన చట్టాలూ పోయేవి. 1652లో మొదటిసారి ఒకే సభ్యుడి అభ్యంతరంతో సభ అలా ముగిసింది. తర్వాతి వందేళ్లలో అది అలవాటైపోయింది. పొరుగు రాజులు ఒకరిద్దరు సభ్యులకు డబ్బిచ్చి మొత్తం దేశాన్నే కదలకుండా చేశారు. 1791 రాజ్యాంగంలో ఆ పద్ధతిని తీసేసే సమయానికి చెయ్యి దాటిపోయింది. 1795 నాటికి ఆ దేశం పటంలోనే లేకుండా పోయింది. ఒక్కరికి అందరినీ ఆపే అధికారం ఇస్తే ఆ ఒక్కరి ఓటు మిగతా అందరి ఓట్లకన్నా బరువైపోతుంది. కాబట్టి మెజారిటీ మాట వినడం తప్పా అంటే, కాదు. చాలా విషయాల్లో అదే సరైనది.

అయితే చేతులు లెక్కపెడితే ఎవరి మాట నెగ్గిందో తెలుస్తుంది. ఆ మాట సరైనదో కాదో తెలియదు. ఎవరి చేతులు లెక్కలోకి రాలేదో అసలు తెలియదు.

స్విట్జర్లాండ్ సంగతి తీసుకోండి. ప్రజలే నేరుగా ఓటేసి నిర్ణయాలు చేయడంలో ఆ దేశానికి పెద్ద పేరు. ఆడవాళ్లకు ఓటు హక్కు ఇవ్వాలా వద్దా అని 1959లో అక్కడ ఓటింగ్ పెట్టారు. ఓటేసింది మగవాళ్లు. మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. 1971లో జాతీయ స్థాయిలో ఒప్పుకున్నారు. అపెంజెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రం మాత్రం తన ఎన్నికల్లో అప్పటికీ ఒప్పుకోలేదు. అక్కడ మీ సభలాగే బహిరంగ స్థలంలో గుమికూడి చేతులెత్తి ఓటేస్తారు. 1990 ఏప్రిల్‌లో కూడా అక్కడి మగవాళ్లు చేతులెత్తి మళ్లీ వద్దనే అన్నారు. లెక్కలో మోసం లేదు, బెదిరింపు లేదు. అదే ఏడాది నవంబరులో దేశ అత్యున్నత న్యాయస్థానం కలగజేసుకుంటేగానీ ఆడవాళ్లకు ఆ హక్కు రాలేదు. ఆ చేతుల్ని ఎన్నిసార్లు లెక్కపెట్టినా మెజారిటీయే వస్తుంది. పక్కన నిలబడి చూస్తున్న ఆడవాళ్లు ఆ లెక్కలో లేరు కాబట్టి.

ఇప్పుడు మీ తీర్మానం దగ్గరికి వద్దాం. దాన్ని ఒకే కాగితం మీద ఇచ్చారు కాబట్టి ఒకే విషయంలా కనిపిస్తోంది. అందులోని రెండు పేరాలూ వేర్వేరు జాతివి. మీ నిద్ర చెడగొట్టిన చిక్కుముడి అక్కడే ఉందని నా అనుమానం.

చెత్త యార్డు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎక్కడ పెట్టినా ఎవరికో ఒకరికి ఇబ్బందే. ఇలాంటివి సభ మెజారిటీతోనే తేల్చాలి. కాకపోతే చెయ్యెత్తేముందు అడగాల్సినవి కొన్నుంటాయి. వేరే స్థలాలు చూశారా? వాసన, దోమలు, లారీల రాకపోకల లెక్క ఎవరైనా తీశారా? ఆ నలభై ఇళ్లవాళ్లను పిలిచి అడిగారా? ఓటు మనుషుల్ని లెక్కపెడుతుంది, బాధ ఎంత లోతుగా ఉందో లెక్కపెట్టదు. యార్డు దూరమైతే మిగతావాళ్లకు కాస్త హాయి. దగ్గరైతే ఆ నలభై ఇళ్లకు రోజూ, ప్రతి పూటా, కిటికీ తెరిచినప్పుడల్లా అదే. వందమంది కొంచెం హాయి కోసం పదిమంది మీద మోయలేని బరువు వేసినా ఓటింగ్ లెక్కలో అది నెగ్గుతుంది. ఇంకో మాట. పాత మినిట్స్ పుస్తకం తీసి, ఈ ఆరేడేళ్లలో ఆ కాలనీకి సంబంధించిన ఏ విషయమైనా వాళ్లకు అనుకూలంగా తేలిందేమో చూడండి. ఒకసారి ఓడిపోవడం ప్రజాస్వామ్యంలో మామూలే. ఎప్పుడూ వాళ్లే ఓడుతుంటే మాత్రం వాళ్ల దృష్టిలో ఆ సభ వాళ్లది కాదు, పరాయివాళ్లది.

ఇవన్నీ అడిగి, జవాబులు విని, చివరికి సభ అక్కడే పెట్టాలంటే, మీకు నచ్చకపోయినా అది సభ తీసుకోదగ్గ నిర్ణయమే.

రెండో పేరా అలాంటిది కాదు. అది చెత్త గురించి కాదు, నోరు గురించి. ఓడినవాళ్లు మెజారిటీ నిర్ణయాన్ని ఎందుకు ఒప్పుకుంటారు? రేపు మళ్లీ వచ్చి అడగొచ్చు, పదిమందిని ఒప్పించుకోవచ్చు, వచ్చే ఎన్నికల్లో చూసుకోవచ్చు అన్న నమ్మకంతో. ఆ దారి తెరిచి ఉన్నంతసేపే మెజారిటీకి ఆ అధికారం ఉంటుంది. ఈ రెండో పేరా ఆ దారికి తాళం వేస్తోంది. అదీ ఎవరి మీద బరువు పెడుతున్నారో సరిగ్గా వాళ్లకే. యార్డు వచ్చాక వాసన భరించలేకపోతున్నాం అని చెప్పుకోవడానికి కూడా ఆ పెద్దావిడ ఇంకో మూడు నాలుగేళ్లు ఆగాలి.

మరి మీ పద్నాలుగు మందికే తాము పొరపడ్డామని తర్వాత తెలిస్తే? చెప్పేవాళ్లు లేకపోతే ఎలా తెలుస్తుంది? క్రీస్తు పూర్వం 427లో గ్రీకు నగరం ఏథెన్స్ సభ, తమ మీద తిరగబడిన మిటిలీనీ నగరంలో మగవాళ్లందరినీ చంపాలని కోపంలో ఓటేసింది. ఆ ఆజ్ఞతో ఓడ బయల్దేరింది కూడా. తెల్లారేసరికి జనానికి మనసు మనసులో లేదు. సభను మళ్లీ పిలిచారు, రెండు పక్షాల వాదనా విన్నారు, చేతులెత్తించారు. దాదాపు సమానంగా వచ్చినా, చంపవద్దన్నవాళ్లే కాస్త ఎక్కువ. వెంటనే రెండో ఓడను పంపారు. అప్పటికి మొదటి ఓడ ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. రెండో ఓడవాళ్లు తెడ్లు వదలకుండానే తిన్నారు, వంతులేసుకుని నిద్రపోయారు. మొదటి ఓడవాళ్లేమో చేయబోయే పని తలుచుకుని మెల్లగా పోయారు. ఒడ్డున సేనాని మొదటి ఆజ్ఞ చదివి అమలుకు సిద్ధపడుతుండగా రెండో ఓడ చేరింది. నగరం బతికింది. తిరుగుబాటు నడిపారన్న వెయ్యిమందికి పైగా మనుషుల్ని మాత్రం తర్వాత చంపేశారు, అది కూడా ఓటుతోనే. అందుకే ఈ కథను ఏథెన్స్ మంచితనానికి సాక్ష్యంగా చెప్పడం లేదు. మళ్లీ విందాం అనే అవకాశం ఒక్క రాత్రి మిగిలి ఉండడం వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో చూడమంటున్నాను.

ఈ భయంతోనే చాలా దేశాలు కొన్ని విషయాల్ని మామూలు ఓటుకు అందనంత ఎత్తులో పెట్టుకున్నాయి. మన రాజ్యాంగమే చూడండి. మామూలు చట్టానికి సభకు వచ్చి ఓటేసినవాళ్లలో సగానికి పైన ఉంటే చాలు. రాజ్యాంగ సవరణకు 368వ అధికరణం కింద మొత్తం సభ్యుల్లో సగానికి పైన, వచ్చి ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు కావాలి. కొన్ని అంశాలకు సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. అంత మెజారిటీ ఉన్నా రాజ్యాంగ మౌలిక స్వరూపం జోలికి పోకూడదని 1973 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు కేశవానంద భారతి కేసులో చెప్పింది. ఆ తీర్పు చెప్పిన పదమూడు మంది న్యాయమూర్తుల్లో ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. మెజారిటీకి హద్దు ఉండాలన్న మాట కూడా ఒక్క ఓటు తేడాతో, మెజారిటీతోనే తేలింది. అంటే లెక్కపెట్టడం మీద వాళ్లకేమీ పగ లేదు. దేన్ని లెక్కకు పెట్టాలి, దేన్ని పెట్టకూడదు అన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న.

1986లో మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు ఒకటుంది. కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు మాత్రం కాదు. వాళ్ల మత విశ్వాసం అది. బడి నుంచి తీసేశారు. ఓటింగ్ పెడితే ఆ పిల్లల పక్షాన ఎన్ని చేతులు లేచేవో ఊహించుకోండి. లెక్కకు రానంత చిన్న సమూహం కూడా దేశ రాజ్యాంగం కింద తన ఉనికిని నిలుపుకోగలగడమే నిజమైన ప్రజాస్వామ్యానికి పరీక్ష అని ఆయన రాశారు. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోమన్నారు. మీ నలభై కుటుంబాల గురించి చదువుతుంటే నాకు ఆ ముగ్గురు పిల్లలే గుర్తొచ్చారు.

అలాగని మెజారిటీకి అడ్డుకట్ట వేసే ప్రతి నియమమూ బలహీనుల కోసమే పనిచేస్తుందని అనుకోకండి. 1964లో అమెరికా సెనేట్‌లో నల్లవాళ్ల పౌరహక్కుల చట్టాన్ని దక్షిణాది సెనేటర్లు మామూలు మెజారిటీ చర్చను ముగించలేదన్న నియమం అండతో అరవై పనిదినాల పాటు ప్రసంగాలతో ఆపారు. అక్కడ అడ్డుకట్ట కాపాడింది అణిచేవాళ్లను. కాబట్టి తక్కువమంది అన్నంత మాత్రాన న్యాయం వాళ్ల పక్షమని కాదు. మీరు చూడాల్సింది సంఖ్యను కాదు, ఎవరి దగ్గర్నుంచి ఏది లాక్కుంటున్నారో అది.

గెలిపించినవాళ్లకు ద్రోహమా అని అడిగారు. 1774లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ తనను ఎన్నుకున్న బ్రిస్టల్ ఓటర్లకు, ప్రతినిధి తన శ్రమను మాత్రమే కాదు, తన వివేచనను కూడా మీకు బాకీ ఉన్నాడు, మీ అభిప్రాయం కోసం దాన్ని వదులుకుంటే అది మీకు సేవ కాదు, ద్రోహం అని చెప్పాడు. నేను దాన్ని నమ్ముతాను. కానీ మీకు సగమే చెప్పకూడదు. ఆరేళ్ల తర్వాత, 1780లో, ఓటమి తప్పదని తెలిసి ఆయన బ్రిస్టల్‌లో పోటీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇక మీవారి మాట. కాలనీవాళ్లు మీకు ఓటేసి ఉండకపోవచ్చు. ఎన్నికల రోజు వరకే మీరు ఒక వర్గం మనిషి. సభలో కూర్చున్నాక మీ చెయ్యి లేస్తే వచ్చే నిర్ణయం ఓటేసినవాళ్లకూ వెయ్యనివాళ్లకూ ఒకేలా తగులుతుంది.

మీ ముందు ఏ దారులున్నాయో, ఒక్కోదానికి ఏం ఖర్చవుతుందో చెబుతాను. ఎంచుకోవాల్సింది మీరు.

మళ్లీ అందరితో పాటు చెయ్యెత్తవచ్చు. మావయ్యతో మాటపట్టింపు రాదు, రేపు వేరే మంచి పని కావాలంటే వర్గంలో మీ మాట చెల్లుతుంది. అది తక్కువ విషయమేమీ కాదు. అయితే ఈసారి తెలిసి ఎత్తినట్టవుతుంది, పోయిన నెలలా తెలియక కాదు.

ఆ రోజు సభకు వెళ్లకుండా ఉండొచ్చు, లేదా వెళ్లి ఓటేయకుండా కూర్చోవచ్చు. ఇంట్లో గొడవ ఉండదు. కానీ పద్నాలుగులో ఒకటి తగ్గితే పదమూడు, తీర్మానం ఎలాగూ నెగ్గుతుంది. కాలనీవాళ్లకు ఒరిగేదేమీ ఉండదు. నాకు ఇది అన్నింటికన్నా తక్కువ నచ్చింది.

తీర్మానాన్ని రెండుగా విడగొట్టి, ఒక్కో పేరా మీద విడిగా చర్చ, విడిగా ఓటింగ్ పెట్టమని అడగవచ్చు. మీ కౌన్సిల్ నియమావళి తీసి చూడండి. చాలా సభల్లో సభ్యులకు ఇలా అడిగే వీలు ఉంటుంది. మొదటి పేరాకు ఒక సవరణ కూడా పెట్టండి. కాలనీవాళ్ల మాట విన్నాకే స్థలం ఖరారు చేయాలని, అక్కడే పెడితే ఎంత దూరం వదలాలో, లారీలు ఏ వేళల్లో రావాలో, ఏడాది తర్వాత మళ్లీ సమీక్షించాలో రాయించండి. అప్పుడు యార్డు విషయంలో మీ వర్గంతో ఉండి కూడా రెండో పేరాకు వద్దనవచ్చు. మీ పద్నాలుగు మందిలో ఇంకో నలుగురికి ఆ పేరా గొంతులో ముల్లులా ఉండి ఉండొచ్చు. మిగతా ఏడుగురితో వాళ్లు, మీరు కలిస్తే పన్నెండు. ఇరవై ఒకటిలో పన్నెండు అంటే అది కూడా మెజారిటీయే. నా మొగ్గు దీనివైపే. కాకపోతే మావయ్యకు తెలియకుండా సభలో హఠాత్తుగా లేస్తే ఆయన దాన్ని తిరుగుబాటుగానే చూస్తారు.

విడగొట్టడానికి ఒప్పుకోకపోతే మొత్తం తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేసి, మీ అసమ్మతిని కారణాలతో సహా మినిట్స్‌లో రాయించవచ్చు. ఆ రోజు మీరు ఓడిపోతారు. వర్గంలో కొన్నాళ్లు వెలి వేసినట్టే ఉంటుంది, వచ్చే ఎన్నికల్లో టికెట్ రాకపోవచ్చు. మీ వర్గానికి విప్ లాంటి నియమం ఉంటే దాన్ని ధిక్కరిస్తే పదవికి ఏమవుతుందో ముందే కనుక్కోండి. అయినా రాతలో ఉన్న అసమ్మతికి ఆయుష్షు ఎక్కువ. రేపు కాలనీవాళ్లు కోర్టుకు వెళ్లినా, కొత్త సభ వచ్చి పాత నిర్ణయం తిరగదోడాలన్నా, అప్పుడే ఒకరు ఇది తప్పని చెప్పారు అనడానికి ఆ పేజీ ఉంటుంది. రాజీనామా గురించి ఉత్తరం చివర ఒక వాక్యం రాసి కొట్టేశారు. కొట్టేసిందే సరైనది. మీరు వెళ్లిపోతే ఆ గదిలో గోడవైపు చూసిన ఒక్క మనిషి కూడా మిగలరు.

ఈ వారంలోనే మావయ్యతో మాట్లాడండి. నలుగురిలో కాదు, ఇంట్లో, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు. ప్రజాస్వామ్యం మీద వాదన పెట్టుకోకండి, ఆయన మీకన్నా సభలు ఎక్కువ చూసినవారు. ఒక్కటే అడగండి. "మావయ్యా, వచ్చేసారి అవతలి ఏడుగురు పద్నాలుగు అయితే, ఇదే రెండో పేరా వాళ్ల చేతిలో ఉంటే, అప్పుడు మనవాళ్లలో ఎవరి నోరు మూస్తారు?" ఆయన చాలాసార్లు గెలిచారని, రెండుసార్లు ఓడారని మీరే రాశారు. ఓడిన ఆ రెండుసార్లూ ఆయన సభలో మాట్లాడగలిగారు కదా. ఆ రోజులు ఆయనకు మీకన్నా బాగా గుర్తుంటాయి.

ఆయన ఒప్పుకుంటారని నేను మాట ఇవ్వలేను. ఒప్పుకోకపోయినా, మిమ్మల్ని చదివించిన మనిషి మీద గౌరవం తగ్గించుకోకుండానే ఆయనతో విభేదించవచ్చు. విషయం ముందుగా ఆయన చెవిన వేశారంటే అది ఆ గౌరవమే.

ఇంకో పని మాత్రం మావయ్యతో మాట్లాడకముందే చేయండి. ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లండి. ఓదార్చడానికో క్షమాపణ చెప్పడానికో కాదు. ఆ రోజు ఏం చెప్పాలనుకుందో అడిగి, చెప్పినంతసేపూ వినండి. వెళ్లేటప్పుడు తీర్మానం కాపీ ఒకటి చేత పట్టుకెళ్లండి. ఆ కాలనీలో రెండో పేరా ఇంతవరకు ఎవరూ చదివి ఉండరు.